కేసు కొట్టేశారు, షీటు మాత్రం ఉంది

ఆంధ్రప్రదేశ్ డైరెక్టర్ జనరల్ ఆఫ్ పోలీస్ గారికి,



గంజాయి కేసుల్లో ముద్దాయిల తరఫున వాదించే న్యాయవాదిని. ఎక్కువగా విశాఖ, అనకాపల్లి కోర్టుల్లో ఉంటాను. మీ శాఖవారితో నాకు రోజూ పేచీయే. ఈ లేఖ మాత్రం పేచీ కోసం కాదు, ఒక్క పని అడగడానికి. మాదకద్రవ్యాల కేసు కారణంగా పోలీసు స్టేషన్లో తన మీద నిఘా కోసం సస్పెక్ట్ షీటో, రౌడీ షీటో, హిస్టరీ షీటో తెరిచి ఉన్న మనిషి దాన్ని ఎత్తేయమని ఎవరికి అర్జీ పెట్టుకోవాలి, ఏ కాగితాలు జతచేయాలి, ఎన్నాళ్ళలో జవాబు రావాలి? ఇవి చెప్పే సర్క్యులర్ ఒకటి మీ సంతకంతో రావాలి. తెలుగులో రావాలి. ప్రతి స్టేషన్ గోడ మీదా కనిపించాలి.

ఇంతేనా అనిపించవచ్చు. కోర్టు వరండాలో నిలబడి చూస్తే ఇది చిన్న సంగతి కాదు. పిల్లాడు రిమాండ్‌కి వెళ్ళగానే తల్లి వచ్చి అడిగేది, "బెయిలు ఎప్పుడొస్తాది బాబూ?" అని. కొన్నేళ్ళకి కేసు కొట్టేస్తారు. కొన్నాళ్ళు పోయాక అదే తల్లి మళ్ళీ వస్తుంది. "కోర్టు వదిలేసింది గదేటి బాబూ, మరి ఆదివారం ఆదివారం టేసనుకి రమ్మంతన్నారేటి?" మొదటి ప్రశ్నకి నా దగ్గర చట్టం ఉంది, సెక్షన్లున్నాయి, తీర్పులున్నాయి. రెండో ప్రశ్నకి ఏ గుమ్మం ఎక్కమని చెప్పాలో నాకే సరిగా తెలియదు. హైకోర్టుకి వెళ్ళి రిట్ వేయమంటాను. చింతపల్లి నుంచో, గూడెంకొత్తవీధి నుంచో వచ్చిన మనిషికి అమరావతి ఎంత దూరమో మీకు చెప్పనక్కర్లేదు.

ముందు కేసు సంగతి చెప్పనివ్వండి. మీకు తెలియదని కాదు, ఈ లేఖ చదివే తల్లిదండ్రులకి తెలియాలని.

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం, అంటే ఎన్‌డీపీఎస్ చట్టం, అందరినీ ఒకే గాటన కట్టదు. మొదట తూకం చూస్తుంది. గంజాయి 1 కిలో వరకు చిన్న మొత్తం: ఏడాది వరకు కఠిన జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. 20 కిలోలు దాటితే వాణిజ్య మొత్తం: 10 ఏళ్ళకి తగ్గదు, 20 ఏళ్ళ దాకా పడొచ్చు, జరిమానా లక్షకి తక్కువ ఉండదు. ఈ రెండిటి నడుమ పడ్డవాడికి 10 ఏళ్ళ వరకు ఎంతైనా వేయొచ్చు, అది జడ్జిగారి విచక్షణ. మొక్క పెంచినవాడికి వేరే క్లాజు, అందులోనూ 10 ఏళ్ళ దాకా ఉంది. తాగి దొరికినవాడిది 27వ సెక్షను, గంజాయి విషయంలో ఆరు నెలలకి మించదు.

అంటే 19 కిలోల సంచీకీ 21 కిలోల సంచీకీ మధ్య ఒక కుర్రాడి యవ్వనం మొత్తం ఉంది. ఇక్కడ ఇంకో చిక్కు. చట్టం లెక్కలో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొనలు. కొనలు లేకుండా విడిగా ఉన్న ఆకు, గింజ గంజాయి కిందికి రావు. సీలేరు ఘాట్‌లో పట్టుబడ్డ బస్తాలో కొన ఎంత, కాడ ఎంత, చెమ్మ ఎంత అన్న విభజన నేను చూసిన పంచనామాల్లో చాలావాటిలో లేదు. మొత్తం కలిపి కాటా మీద పెడతారు, ముల్లు 20 దాటుతుంది, 37వ సెక్షను వచ్చి కూర్చుంటుంది. ముద్దాయి తప్పు చేయలేదని నమ్మడానికి సహేతుకమైన ఆధారం ఉందనీ, బయటికొస్తే మళ్ళీ నేరం చేయడనీ జడ్జికి అనిపిస్తేనే బెయిలు. మామూలు కేసుల్లో చార్జిషీటుకి 60, 90 రోజుల గడువైతే, ఇక్కడ 180. ప్రాసిక్యూటర్ కారణాలు రాసిస్తే ఏడాది దాకా పొడిగించవచ్చు. విచారణ అంతూపొంతూ లేకుండా సాగుతుంటే 37 అడ్డున్నా బెయిలు ఇవ్వొచ్చని 2023 మార్చిలో మహమ్మద్ ముస్లిం కేసులో సుప్రీంకోర్టు అన్నది కాబట్టి కొందరైనా బయటపడుతున్నారు.

ఈ కేసుల్లో దొరికేదెవరో మీకు నాకంటే బాగా తెలుసు. శీలావతి రకం పండేది ఏజెన్సీ కొండల్లోనూ, అవతల ఒడిశా వైపూ. పెట్టుబడి పెట్టేవాడు, కొనేవాడు ఎక్కడో వేరే రాష్ట్రంలో ఉంటారు. నడుమ సంచీ మోసేవాడు ఉంటాడు, ముందు బండి మీద వెళ్ళే 'పైలట్' ఉంటాడు. కాటా పక్కన నిలబెట్టి ఫొటో తీసేది వీళ్ళనే. ముఖాలకి గుడ్డ కట్టి ప్రెస్‌మీట్‌లో కూర్చోబెడతారు గానీ, మర్నాటి పేపర్లో పేరు, తండ్రి పేరు, ఊరు అన్నీ వస్తాయి. ఆ గుడ్డ ఎందుకో నాకు ఎప్పటికీ అర్థం కాలేదు. డబ్బు పెట్టినవాడి కోసం చట్టంలో 27ఏ సెక్షను ఉంది, దానికీ 10 నుంచి 20 ఏళ్ళు. ఆ సెక్షను కింద శిక్ష పడ్డవాళ్ళని నా ప్రాక్టీసులో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

మొదటి ముద్దాయి, ఏ1, దొరికాక అతను చెప్పాడంటూ ఏ4, ఏ5 పేర్లు చేరతాయి. పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదన్నది పాత సూత్రమే. ఎన్‌డీపీఎస్ చట్టం కింద అధికారాలున్న ఇతర శాఖల అధికారుల ముందు ఇచ్చే ఒప్పుకోలుకీ అదే వర్తిస్తుందని 2020 అక్టోబరులో తూఫాన్ సింగ్ కేసు తేల్చింది. అందువల్ల వేరే ఆధారం లేకపోతే ఏ4, ఏ5 మీద కేసు నిలబడదు. కోర్టులో నిలబడకపోయినా వాళ్ళ పేర్లు అరెస్టు రోజునే జాబితాల్లోకి ఎక్కేసి ఉంటాయి. నా ఫిర్యాదు మొదలయ్యేది ఇక్కడ.

దానికి ముందు ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఏ సెక్షను గురించి ఒక మాట. వ్యసనానికి లోనైనవాడు, 27వ సెక్షను కిందో చిన్న మొత్తం కిందో కేసు ఎదుర్కొంటున్నవాడు, తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న డీఅడిక్షన్ కేంద్రంలో చేరి వైద్యం పూర్తిచేస్తే అతన్ని ఆ నేరాలకి ప్రాసిక్యూట్ చేయకూడదు. వైద్యం మధ్యలో మానేస్తే ఆ రక్షణ తీసేయవచ్చు. అంత సూటిగా ఉంది చట్టం. మీ మాదకద్రవ్యాల నిరోధక విభాగం ఈగల్ వారు కాలేజీలకి వెళ్ళి 1972 హెల్ప్‌లైన్ నంబరు పోస్టర్లు అంటిస్తున్నారు, మంచిదే. ఆ పోస్టర్ మీద 64ఏ గురించి రెండు లైన్లు వేయించండి. మా దగ్గరికి ఈ పిల్లలు వచ్చేసరికి ఎవరో ఒకరు సలహా ఇచ్చేసి ఉంటారు: "చిన్న కేసే గదా, ఒప్పేసుకుని ఫైన్ కట్టేయ్, ఒక్క పూటలో పోద్ది." ఒక్క పూటలో పోదు. ఒప్పుకున్నాక అది శిక్ష పడ్డ కేసు. పైచదువులకి అమెరికా వెళ్ళాలనుకున్నవాడికి తలుపు మూసుకుంటుంది. ఆ దేశపు వలస చట్టంలో మాదకద్రవ్య నేరానికి శిక్ష పడటం వీసాకి నేరుగా అనర్హత. ఎంత జరిమానా అన్నది వాళ్ళకి అనవసరం. కట్టింది వెయ్యి రూపాయలు కావచ్చు.

ఇక షీట్లు.

మీ శాఖ స్టాండింగ్ ఆర్డర్లలో 601వది రౌడీ షీటు ఎవరి మీద తెరవొచ్చో చెబుతుంది. శాంతిభద్రతలకి భంగం కలిగించే నేరాలు పదేపదే చేసేవారు, మంచి నడవడికకి పూచీ రాసిచ్చి బైండోవర్ అయినవారు, ఆడవాళ్ళని వేధించడం అలవాటైనవారు, బెదిరించి డబ్బు గుంజేవారు, 1986 నాటి ముందస్తు నిర్బంధ (పీడీ) చట్టం కింద ఆరు నెలలో అంతకు పైనో నిర్బంధంలో ఉన్నవారు. మాదకద్రవ్య నేరగాడన్నది ఆ 1986 చట్టంలో ఒక వర్గం. సరే, పదిసార్లు లారీలు నడిపి, పీడీ చట్టం కింద లోపలికి వెళ్ళొచ్చినవాడి మీద మీరు షీటు తెరిస్తే నేను అభ్యంతరం చెప్పను. అలాంటివాళ్ళ మీద నిఘా ఉండాల్సిందే. నేను వాళ్ళ తరఫున వాదిస్తూ కూడా ఈ మాట అనగలను.

కానీ ఒక్క కేసులో ఏ5గా చేరి, ఆ కేసూ కొట్టేసిన కుర్రాడి సంగతేమిటి? ఒక కేసు ఉందని రౌడీ షీటు తెరవడం చెల్లదని, ఎందుకు తెరుస్తున్నారో కారణాలు ఫైల్లో ఉండాలని ఉమ్మడి హైకోర్టు రోజుల నుంచీ తీర్పులున్నాయి. మీ 602వ ఆర్డరే, హిస్టరీ షీటు ఆ ఏడాది డిసెంబరు ఆఖరు వరకే ఉంటుందనీ, తర్వాత ఉంచాలో మూయాలో గెజిటెడ్ అధికారి ఉత్తర్వు తీసుకోవాలనీ అంటోంది. అంటే ప్రతి డిసెంబరులో ప్రతి షీటు మీదా ఒక గెజిటెడ్ అధికారి బుద్ధిపెట్టి ఒక నిర్ణయం రాయాలి. మీ శాఖ తానే రాసుకున్న నియమం ఇది. నేను అడుగుతున్నది కొత్త హక్కు కాదు.

ఆ నిర్ణయం జరుగుతోందా అన్నది షీటు ఉన్నవాడికి తెలిసే మార్గం లేదు. షీటు తెరిచిన రోజున అతనికి కాగితం ఇవ్వరు. కొనసాగించిన రోజునా ఇవ్వరు. పండగ ముందో, ఎన్నికల ముందో స్టేషనుకి రమ్మని ఫోన్ వచ్చినప్పుడు, వరసలో కూర్చోబెట్టి కౌన్సిలింగ్ ఇచ్చినప్పుడు తెలుస్తుంది. ఎన్నికల ముందైతే తహసీల్దారు దగ్గర బైండోవర్ కూడా. బైండోవర్ అయ్యాడు కాబట్టి షీటు ఉంచారు, షీటు ఉంది కాబట్టి బైండోవర్ చేశారు. ఈ రెండు కాగితాలు ఒకదాన్నొకటి మోసుకుంటూ ఏళ్ళు నడుస్తాయి. కొత్తగా జరిగిన నేరం మాత్రం ఆ ఫైల్లో ఎక్కడా ఉండదు.

2022 జులైలో మన హైకోర్టు ఏకసభ్య తీర్పు ఒకటి, స్టాండింగ్ ఆర్డర్లకి చట్టబలం లేదనీ, వాటిని పట్టుకుని షీట్లు నడపడం వ్యక్తిగత గోప్యతకి విరుద్ధమనీ అన్నది. ప్రభుత్వం అప్పీలుకి వెళ్ళింది. ఆ వాదాన్ని ఇక్కడ తిరగదోడను. నేను ఆధారపడేది మీకు అభ్యంతరం ఉండని తీర్పు మీద. 2024 మే 7న అమానతుల్లా ఖాన్ కేసులో సుప్రీంకోర్టు ఢిల్లీ పోలీసుల హిస్టరీ షీటు పద్ధతిని పరిశీలించి, షీటు అన్నది పోలీసుల అంతర్గత పత్రమే తప్ప బయట తిప్పే కాగితం కాదని, అందులో మైనర్ బంధువుల వివరాలు రాయకూడదని, పైస్థాయి అధికారి ఒకరు వాటిని ఎప్పటికప్పుడు సమీక్షించాలని చెప్పింది. అంతటితో ఆగలేదు. వెనకబడ్డ వర్గాలవారి పేర్లు, ఎస్సీ ఎస్టీల పేర్లు, కేవలం పుట్టుక వల్ల అలవాటుగా షీట్లలోకి ఎక్కుతున్నాయన్న ఆందోళనని ప్రస్తావించి, అన్ని రాష్ట్రాలూ ఆరు నెలల్లో తమ పద్ధతుల్ని సరిచూసుకోవాలని ఆదేశించింది. మన రాష్ట్రం ఏం సరిచేసిందో చెప్పే పత్రం ఏ స్టేషన్ నోటీసు బోర్డు మీదా నా కంటపడలేదు.

పుట్టుక వల్ల జాబితాలోకి ఎక్కడమంటే ఏమిటో ఈ నేలకి ఇంకొకరు చెప్పక్కర్లేదు. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాజధానికి వచ్చింది. బాపట్ల దగ్గర స్టువర్టుపురం అలా వెలసిందే. ఎరుకల కుటుంబాల్ని తెచ్చి అక్కడ ఉంచారు. పిలుపు వేళకి హాజరు పలకాలి, ఊరు దాటాలంటే చీటీ ఉండాలి. హాజరు పలకాల్సినవాడు దొంగతనం చేశాడా లేదా అన్న విచారణే లేదు, పేరు పట్టీలో ఉంటే చాలు. ఆ చట్టాన్ని 1952లో రద్దు చేశారు. గంజాయి కేసుల్లో దొరికే క్యారియర్లలో ఎక్కువమంది ఈనాడు ఏ మండలాలవారో, ఏ తెగలవారో మీ రికార్డుల్లోనే ఉంది. పోలిక సరిపోదని మీరు అనొచ్చు. సరిపోకుండా చూడటం మీ చేతిలో ఉంది.

స్టేషన్ షీటు ఒక్కటే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. జాబితా ఇప్పుడు స్టేషన్ అలమారాలో లేదు. 2022 జులై 30న చండీగఢ్‌లో 'నిదాన్' అనే జాతీయ డేటాబేస్ ప్రారంభించారు. నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరో నిర్వహించేది. మాదకద్రవ్య కేసుల్లో అరెస్టయినవారి ఫొటోలు, వేలిముద్రలు, కోర్టు ఉత్తర్వులు అన్ని రాష్ట్రాల దర్యాప్తు సంస్థలకీ అందులో కనిపిస్తాయి. శిక్ష పడ్డవారి పట్టీ కాదది, అరెస్టయినవారిది. పాడేరు కుర్రాడు పుణేలో కూలికి వెళ్ళి ఏదో చిన్న గొడవలో స్టేషనుకి చేరితే అక్కడి ఎస్సైకి మొదట తెరమీద వచ్చేది ఆ పాత గంజాయి అరెస్టే. దర్యాప్తుకి అది పనికొస్తుంది, కాదనను. కేసు కొట్టేశారన్న సంగతి కూడా అదే తెరమీద, అంతే పెద్ద అక్షరాల్లో ఉండాలి కదా. ఆ తీర్పు నకలు అక్కడికి చేర్చే బాధ్యత మన రాష్ట్రంలో ఏ అధికారిదో ఆ సర్క్యులర్‌లోనే రాయండి.

తీసేసే పద్ధతి అసాధ్యమేమీ కాదు. 2022 నాటి క్రిమినల్ ప్రొసీజర్ (ఐడెంటిఫికేషన్) చట్టం వేలిముద్రలు, ఫొటోలు, కంటిపాప గుర్తులు 75 ఏళ్ళు దాచుకోనిస్తుంది. అంత కటువైన చట్టంలో కూడా ఒక మినహాయింపు పెట్టారు: అంతకుముందు శిక్ష పడని మనిషిని విచారణ లేకుండా విడిచిపెట్టినా, డిశ్చార్జ్ చేసినా, నిర్దోషి అని తేల్చినా, అప్పీళ్ళు కూడా అయిపోయాక ఆ గుర్తులన్నీ నాశనం చేయాలి. కోర్టు కారణాలు రాసి ఉంచమంటే తప్ప ఉంచకూడదు. అర్జీ ఇవ్వడానికి ఒక నోడల్ అధికారి ఉండాలని నిబంధనలు చెబుతున్నాయి. ఈ అవకాశం ఉందని నిర్దోషిగా బయటికొస్తున్న ముద్దాయికి చెప్పేవారు లేరు. నిజం చెప్పాలంటే మా న్యాయవాదుల్లోనూ చాలామందికి తెలియదు. వేలిముద్ర చెరిపేయాల్సిన కేసులో స్టేషన్ షీటు ఎందుకు మిగలాలో నాకు అంతుపట్టడం లేదు.

మిగిలితే ఏమవుతుందంటే, పాస్‌పోర్టు వెరిఫికేషన్‌కి వచ్చిన కానిస్టేబుల్ 'ప్రతికూలం' అని రాస్తాడు. కేసు నడుస్తున్నప్పుడు కోర్టు అనుమతితో పాస్‌పోర్టు ఇవ్వొచ్చని 1993 నుంచీ కేంద్ర నోటిఫికేషన్ ఉంది. కేసే లేనప్పుడు కేవలం షీటు ఉండటం పాస్‌పోర్టు చట్టం 6(2)లో చెప్పిన కారణాల్లో లేదు. అయినా ఫైలు ఆగుతుంది. ఉద్యోగానికి అటెస్టేషన్ ఫారం నింపేటప్పుడు ఇంకో గండం. కేసు సంగతి దాస్తే అబద్ధం చెప్పినవాడవుతాడు, చెబితే షీటు కూడా బయటికొస్తుంది. నిర్దోషిగా తేలిన చిన్న కేసుని యాజమాన్యం ఎలా చూడాలో 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు విడమర్చి చెప్పింది. అక్కడ షీట్ల ప్రసక్తి లేదు. కాబట్టి మా దగ్గరికొచ్చే పిల్లలకి నేను చెప్పేది ఒకటే: కేసు దాచొద్దు, కొట్టేసిన తీర్పు సర్టిఫైడ్ కాపీ రెండు తీసి ఒకటి ఇంట్లో పెట్టండి. షీటు గురించి చెప్పగలిగింది మాత్రం నా దగ్గర ఏమీ లేదు.

అందుకే సర్క్యులర్‌లో ఏముండాలని నేను కోరుకుంటున్నానో సూటిగా రాస్తున్నాను. ఎన్‌డీపీఎస్ కేసు ఆధారంగా షీటు తెరిస్తే, దర్యాప్తుకి భంగం లేనంతవరకు, ఆ మనిషికి కారణంతో సహా కాగితం ఇవ్వాలి. చిన్న మొత్తం కేసులోనూ, తాగి దొరికిన కేసులోనూ అసలు తెరవకూడదు; 64ఏ కింద వైద్యం పూర్తిచేసినవాడి మీద ఉంటే వెంటనే ఎత్తేయాలి. కేసు కొట్టేశాక, అప్పీలు గడువు దాటాక, తీర్పు నకలుతో సబ్‌డివిజనల్ అధికారికి అర్జీ ఇస్తే 60 రోజుల్లో అవునో కాదో రాతపూర్వకంగా చెప్పాలి. కాదంటే కారణం ఉండాలి, ఎస్పీ దగ్గర అప్పీలు ఉండాలి. శిక్ష అనుభవించి వచ్చినవాడి విషయంలో నేను అంత తొందరపెట్టను. అతని మీద కొన్నేళ్ళు నిఘా ఉంచండి, ఆ కొన్నేళ్ళు ఎన్నో ముందే చెప్పండి. ఇంటికి రాత్రిపూట వెళ్ళి తలుపు తట్టడం ఎవరి విషయంలోనూ వద్దు. అది చెల్లదని 1962లోనే ఖరక్ సింగ్ కేసులో తేలిపోయింది.

ఇవన్నీ చేస్తే గంజాయి పెరుగుతుందన్న భయం మీ అధికారుల్లో కొందరికి ఉంటుందని తెలుసు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో సుమారు 2 లక్షల కిలోల గంజాయి తగలబెట్టారు. ఆ సరుకు పోగేసినవాళ్ళని పట్టుకోవడానికి కావలసింది ఫోన్ రికార్డులు, బ్యాంకు లావాదేవీలు, రాష్ట్రాల మధ్య సమన్వయం. ఆదివారం పూట స్టేషన్ ఆవరణలో కూర్చోబెట్టిన డ్రైవర్లు, డిగ్రీ ఫెయిలైన పిల్లలు ఆ దర్యాప్తుకి ఎందుకూ పనికిరారు. వాళ్ళకి కాపలా కాసే కానిస్టేబుల్‌ని అటు పంపితే కొంత మేలు.

602 కింద చేయాల్సిన సమీక్ష గడువు డిసెంబరు 31. సర్క్యులర్ అంతకు ముందు వస్తే ఈ ఏడాది సమీక్షలోనే ఈ షీట్లు అధికారుల ముందుకి వస్తాయి. అర్జీ నమూనా తెలుగులో, ఒక పేజీలో, వకీలు లేకుండా నింపుకోగలిగేలా రాసిపెట్టే పని నేను చేస్తాను. మా బార్‌లో ఇంకో నలుగురు సాయం వస్తారు. దాన్ని ఏ అధికారి పేరు మీద పంపాలో మీరు ఖాయం చేయండి.

భవదీయుడు,
గంజాయి కేసుల ముద్దాయిల తరఫు న్యాయవాది,
విశాఖపట్నం